పేరు పెట్టడానికి తొందరపడని సారు

నార్కట్‌పల్లి చౌరస్తాలో బస్సు కోసం కూర్చున్నాను. తొలకరి జల్లు అప్పుడే వెలిసింది. చాయ్ హోటలు బల్ల మీద, నా గ్లాసు పక్కన రెక్కల పురుగు ఒకటి వచ్చి పడింది. ఎదురుగా కూర్చున్న లారీ డ్రైవరు దాన్ని వేలితో చిమ్మబోతూ, ఉసిళ్లు మొదలైనయి, ఇక దీపం పెట్టనియ్యవు అని విసుక్కున్నాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకున్నాను.

"ఉసిలి కాదు. నడుము జూడు. ఉసిలికి గింత సన్నటి నడుము ఉంటదా?"

ఆయన నా వైపు, నా తెల్ల వెంట్రుకల వైపు చూసి, పెద్దమనిషికి ఏదో అయింది అనుకున్నట్టున్నాడు, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ పురుగు గ్లాసు చుట్టూ ఒకసారి తిరిగి, బల్ల అంచు దిగి వెళ్లిపోయింది. నాకు సిగ్గేసింది. ఊరూ పేరూ తెలియని మనిషి చెయ్యి అలా పట్టుకోవడం నా పద్ధతి కాదు. ఆ మాటా నాది కాదు. ఆ మాట, ఆ పట్టు రెండూ మా డ్రాయింగు సారువి.

ఆయన పోయి ఎన్నేళ్లయిందో నాకు సరిగ్గా తెలియదు. ఎవరూ కార్డు రాయలేదు. చాలా ఆలస్యంగా, ఎవరి పెళ్లిలోనో, "గా సారు గూడ పాయె గద" అని ఎవరో మాటల మధ్య అంటే విన్నాను. అప్పుడు అన్నం ముందు కూర్చుని ఉన్నాను. లేవకుండా తినడం ముగించాను. ఇవాళ ఒక పురుగు కోసం పరాయివాడి చెయ్యి పట్టుకున్నాక, ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే బాగుండదనిపించింది.

నల్లగొండ నుంచి దేవరకొండ పోయే తోవలో మాదొక చిన్న టౌను. అక్కడి సర్కారు దవాఖానలో నేను కంపౌండరును. డాక్టరు వారానికి రెండు రోజులు వచ్చేవాడు. మిగతా రోజులు గాయాలకు కట్లు కట్టేదీ, చలి జ్వరానికి మందు కలిపేదీ, తాళం వేసేదీ నేనే. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. దవాఖాన ఎదురుగా మిడిల్ స్కూలు. అందులో సారు డ్రాయింగు చెప్పేవాడు.

పొడుగాటి మనిషి. కోటు గుండీకి దారంతో కట్టిన పెన్సిలు ఒకటి ఎప్పుడూ వేలాడుతూ ఉండేది. దేన్ని చూసినా తల కొంచెం పక్కకు వాల్చి, ఒక కన్ను మూసి, పెన్సిలు ఎత్తి కొలిచేవాడు. కుండనైనా అంతే, మనిషినైనా అంతే. మొదటిసారి నన్నలా కొలిచినప్పుడు నాకు ఒళ్లు మండింది. తరవాత తెలిసింది, ఆయన దవాఖానకొచ్చిన ఎద్దుల బండిని కూడా అలాగే కొలుస్తాడని.

నైజాం సర్కారు నౌకరీ కాబట్టి స్కూల్లో టోపీ పెట్టుకోవాలి. సారు టోపీ కోటు జేబులో ఉండేది. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టరు టోపీ ఏదని అడిగితే, జేబులోంచి తీసి చూపించి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడట. పిల్లలు గీసిన బొమ్మల కింద పేర్లు ఉర్దూలో రాయించాలని అదే ఇన్‌స్పెక్టరు హుకుం. సారు ఉర్దూలో రాయించి, దాని కింద తెలుగులో కూడా రాయించేవాడు. ఇన్‌స్పెక్టరు తెలుగు మాటను కొట్టేసి వెళ్లిపోతే, మరునాడు మళ్లీ రాయించేవాడు. ఎందుకింత మొండితనం అని అడిగితే, జామచెట్టు మా పెరట్లోది, దానికి మా అవ్వ పెట్టిన పేరు అదే అన్నాడట. ఆ యేడు జీతంలో తరక్కీ రాలేదు. ఆ తరవాతి యేడూ రాలేదు.

ఆయనకు పడని మాట ఒకటుంది. మా దిక్కు ఒకదాన్ని పోల్చి చెప్పాలంటే 'లెక్క' అంటాం. ఫలానావాడు వాళ్ల నాయిన లెక్క ఉన్నడు, ఈ కాయ నిమ్మకాయ లెక్క ఉన్నది, అలా. ఆ మాట వింటే సారు మండిపడేవాడు. "లెక్క ఏంది? అదేనా, కాదా? చూసి చెప్తున్నవా, ఊకెనే చెప్తున్నవా?" అనేవాడు. పిల్లలు మామిడికాయ గీస్తే అది ఇదివరకు చూసిన బొమ్మలను బట్టి గీసిందో, ఎదురుగా ఉన్న కాయను చూసి గీసిందో ఇట్టే పట్టేసేవాడు. ఏ రెండు కాయలూ ఒక్క తీరుగా ఉండవని ఆయన పట్టుదల. ఈ ఒక్క విషయం మీద ఆయన ఎవరితోనైనా, ఎంతసేపైనా తగువు పెట్టుకునేవాడు. ఊళ్లో సగంమందికి ఆయనతో మాట్లాడాలంటే విసుగు.

పోలీసు యాక్షన్ జరిగిన యేటి వానకాలం అది. మృగశిరలో మొదటి వాన పడిన సాయంత్రం, సారు దవాఖానలోకి వచ్చాడు. చేతిలో టోపీ. జేబులోంచి అది బయటికి రావడం నేను చూడటం అదే మొదలు. దాన్ని గిన్నెలా వెల్లకిలా పట్టుకుని, పైన అరచెయ్యి మూశాడు.

"ఒక గాజు గొట్టం ఇయ్యి" అన్నాడు.

తొంగి చూశాను. టోపీ అడుగున రెక్కలున్న నల్లటి పురుగు. ఉసిలి కదా అన్నాను. ఇంకేం, పట్టుకున్నాడు నా చెయ్యి. బల్ల దగ్గరికి లాక్కెళ్లి, పక్కనే దీపం కింద పడి ఉన్న అసలు ఉసిలిని ఒకదాన్ని తెచ్చి రెండూ పక్కపక్కన పెట్టాడు. దవాఖాన భూతద్దం నా చేతిలో పెట్టాడు. ఏం కనపడుతోందో చెప్పమన్నాడు.

నేను చూశాను. ఉసిలికి నడుము లేదు, రొమ్ము నుంచి కడుపు దాకా ఒకటే లావు. ఈ పురుగుకు రొమ్ముకీ కడుపుకీ మధ్య సన్నటి నడుము, దాని మీద చిన్న బొడిపె. ఉసిలి రెక్కలు నాలుగూ ఒకే పొడుగు. దీనికి ముందు రెక్కలు పెద్దవి, వెనకవి చిన్నవి. ఉసిలి మీసాలు పూసలు గుచ్చినట్టు నిటారుగా ఉన్నాయి. దీని మీసాలు మోచెయ్యిలా మధ్యలో వంగి ఉన్నాయి. ఒక్కొక్కటీ చెప్తుంటే సారు తలూపాడు. చివరికి నేనే అన్నాను, ఇది చీమ అని.

"ఆడదా, మగదా?"

అది నాకెలా తెలుస్తుంది? ఆయనకూ సరిగ్గా తెలియదు. ఆ సాయంత్రం స్కూలు అరుగు మీద రెక్కల చీమలు రెండు రకాలు చూశాడట. ఒకటి సన్నగా, తల చిన్నగా. ఇంకొకటి ఇలా బలంగా, రొమ్ము ఎత్తుగా, కడుపు పెద్దగా. గుడ్లు పెట్టాల్సిన దానికి కడుపు పెద్దదిగా ఉండాలి కాబట్టి ఇది ఆడదై ఉండాలని ఆయన ఊహ. కానీ ఊహ అని ఒప్పుకున్నాడు. మేమిద్దరం మాట్లాడుకుంటూ ఉండగానే ఆ చీమ కాళ్లతో వెనక్కి రుద్దుకుని, ఒక రెక్కను ఊడదీసి పారేసింది. కాసేపటికి రెండోది. నాలుగూ ఊడాయి. రెక్కలున్న చోట చిన్న చిన్న మచ్చలు మిగిలాయి. సారు ముఖం వెలిగిపోయింది. ఇక తిరిగి ఎగరాల్సిన పని లేని చీమే రెక్కలు పారేసుకుంటుంది, కాపురం పెట్టడానికి దిగింది, ఇది రాణే అన్నాడు.

ఏ జాతి రాణి అని అడిగాను. నల్లగా, పెద్దగా ఉంది కాబట్టి గండుచీమ లెక్కనే ఉన్నది అనబోయి మింగేశాను. సారు నవ్వాడు. "తల్లిని చూసి చెప్పలేం. పిల్లలు పుట్టనియ్యి. గప్పుడు పేరు పెడుదాం" అన్నాడు.

చీమను పెంచడం ఎలాగో మా ఇద్దరికీ తెలియదు. అడగడానికి మనిషి లేడు, చదవడానికి పుస్తకం లేదు. అది ఎక్కడ ఉండాలనుకుంటుందో ఆలోచిద్దాం అన్నాడు సారు. తడి మట్టి, చీకటి, ఇరుకు. గాజు గొట్టం అడుగున నీళ్లు పోసి, దూది గట్టిగా కూరి, తడి దిగేలా చేసి, చీమను వదిలి, మూతికి ఇంకో దూది ఉండ పెట్టాం. పాత గొడుగు గుడ్డ చింపి గొట్టానికి చుట్టి, మందుల అలమారులో కింది అరలో పెట్టాం. తన ఇంట్లో అయితే చూడకుండా ఉండలేనని నా దగ్గర పెట్టాడు.

కానీ రోజుకు నాలుగుసార్లు వచ్చి చూశాడు. మూడో రోజు గుడ్లు కనపడ్డాయి, తెల్లగా, గసగసాల కన్నా చిన్నవి. ఆరో రోజుకు లేవు. తినేసింది. మాటిమాటికీ వెలుతురు తగలడం వల్ల భయపడిందని ఆయనే తేల్చాడు. చూడు, చూడు అని ఊరంతటికీ చెప్పిన మనిషి ఆ రోజు బెంచీ మీద కూలబడి, మన చూపే ఎక్కువైంది అన్నాడు. ఆ రోజు నుంచి శుక్రవారం ఒక్కసారే చూడాలని కట్టడి. బెల్లం ముక్క పెడితే ముట్టలేదు, దానికి బూజు పట్టి గొట్టం మార్చాల్సి వచ్చింది. ఇది తిండి లేక చస్తుంది సారూ అన్నాను. ఆయన ఒక వారం ఆలోచించి, ఎగిరినన్నాళ్లు రెక్కలను ఆడించిన కండ ఇప్పుడు దాని ఒంట్లోనే కరుగుతున్నట్టుంది, అదే తిండి అన్నాడు. అన్నాక, ఇది నేను చూడలేదు, అనుకుంటున్నాను అంతే, అని కూడా అన్నాడు.

ఆ వానకాలం మా టౌనులో ఎవరూ నిమ్మళంగా లేరు. నైజాం పక్షాన ఖాకీ బట్టల వలంటీర్లు తుపాకులు పట్టుకుని తిరుగుతున్నారు. పల్లెల్లో సంఘం వాళ్లు దొరల గడీల మీదికి పోతున్నారు. ఒకరి పేరు చెప్పమని వలంటీర్లు కొడతారు, చెప్పినందుకు సంఘం వాళ్లు నిలదీస్తారు. సగం ఇళ్లకు తాళాలు. డాక్టరు రావడం మానేశాడు. సారు దోస్తులు కృష్ణ దాటి అవతలికి పోతూ ఆయన్ను కూడా రమ్మన్నారు. ఆయన పోలేదు. స్కూల్లో పదిమంది పిల్లలే మిగిలినా రోజూ వెళ్లి బోర్డు మీద ఏదో ఒకటి గీసి, వాళ్ల చేత గీయించి వచ్చేవాడు.

ఒక పగలు వలంటీర్లు దవాఖాన తనిఖీకి వచ్చారు. సంఘం వాళ్లకు మందులు పోతున్నాయని వాళ్ల అనుమానం. అది అబద్ధం కూడా కాదు. అలమారులన్నీ తీశారు. నల్లగుడ్డ చుట్టిన గొట్టం చూడగానే వాళ్ల పెద్ద, బాంబు అనుకున్నాడేమో, రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని గుడ్డ లాగేశాడు. ఎత్తి వెలుతురులో పెట్టి ఊపబోయాడు. సారు అప్పుడే లోపలికి వస్తున్నాడు. తుపాకులను చూశాడో లేదో తెలియదు, నేరుగా వచ్చి ఆ మనిషి చేతిలోంచి గొట్టం తీసుకున్నాడు. లాక్కోలేదు. పిల్లవాడి చేతిలోంచి గాజు బొమ్మ తీసుకున్నట్టు తీసుకున్నాడు. వెలుతురు తగిలితే ఇది తన గుడ్లు తనే తింటుంది అని ఉర్దూలో చెప్పి, గుడ్డ చుట్టి, అరలో పెట్టి, తలుపు మూసి, అక్కడే నిలబడ్డాడు. ఆ పెద్ద ఆయన్ను కింది నుంచి పైదాకా చూసి, పిచ్చివాడు అని పక్కవాళ్లతో అని వెళ్లిపోయాడు. ఆ అర వెనకే నేను దాచిన మందుల మూట ఉంది. సారుకు ఆ సంగతి తెలియదు. నేను ఎప్పుడూ చెప్పలేదు.

నలభై రోజులు దాటాక ఒక శుక్రవారం గొట్టంలో పిల్లచీమలు కనపడ్డాయి. నాలుగు. ఎంత చిన్నవంటే, ఆ తల్లి పిల్లలని నమ్మబుద్ధి కాలేదు. పైగా గడ్డి రంగులో ఉన్నాయి. ఎర్రచీమల లెక్క ఉన్నయి గద సారూ అని నా నోటి నుంచి వచ్చేసింది. ఆయన తిట్టలేదు. "జర ఆగు" అన్నాడు. మరుసటి శుక్రవారానికి ఆ నాలుగూ నల్లబడ్డాయి. కొత్తగా పుట్టిన ఇంకో రెండు మాత్రం గడ్డి రంగులో ఉన్నాయి. పుట్టగానే రంగు రాదని అప్పుడు తెలిసింది. కానీ సారు అప్పటికీ పేరు పెట్టలేదు. స్కూలు గోడ కింద ఉన్న గండుచీమల పుట్ట దగ్గర రోజూ గొంతుకూర్చుని, నడుము మీది బొడిపెను, వీపు వంపును, కడుపు మీది వెంట్రుకలను గీసుకుని వచ్చి, మా పిల్లచీమలతో పోల్చేవాడు. అవి ఎందుకింత చిన్నవని ఆయన సందేహం. మొదటి కాన్పు, తల్లి ఒంటి సత్తువతో పెంచినవి కదా, అందుకని చిన్నవై ఉంటాయని నేనన్నాను. ఆయన నన్ను చాలాసేపు చూసి, గది మంచి మాట అన్నాడు. నాకు ఆయనిచ్చిన సర్టిఫికెట్ అదొక్కటే.

పెద్దరోడ్డు మీద హిందూస్తాన్ ఫౌజు బండ్లు వచ్చిన మరునాడు, సారు ఒక చిన్న కాగితం ముక్క మీద తెలుగులో 'గండుచీమ' అని రాసి గొట్టానికి అంటించాడు. ఊరంతా బజారులో ఉంది. పూలు, తోరణాలు, కేకలు. మేమూ వెళ్లాం. సారు ఒక ఫౌజీ బండిని పెన్సిలు ఎత్తి కొలుస్తుంటే, అందరూ నవ్వారు. ఇక భయం లేదనుకున్నాం.

ఆ ధీమా ఎన్నాళ్లో నిలవలేదు. మరుసటి చలికాలానికి, బాటసారులు దిగే ముసాఫిర్‌ఖానాలో ఫౌజు క్యాంపు పెట్టింది. ఇప్పుడు తుపాకులు సంఘం వాళ్ల కోసం. ఎవరినైనా పట్టుకొస్తే ఊళ్లోవాళ్లను పిలిచి గుర్తుపట్టమనేవారు. ఔనన్న తరవాత ఆ మనిషిని గుట్ట దిక్కు తీసుకెళ్లేవారు. తిరిగి వచ్చినవాడిని నేను చూడలేదు.

ఒక మధ్యాహ్నం నన్ను క్యాంపుకు పిలిచారు. పట్టుకొచ్చిన మనిషి తొడలో గుండు దిగింది, కట్టు కట్టాలి. వరండాలో స్తంభానికి ఆనించి కూర్చోబెట్టారు. గడ్డం పెరిగి, ముఖమంతా దుమ్ము. ఎడమ కనుబొమ మీద అడ్డంగా గాటు. ఆ గాటు చూడగానే మనిషి ఎవరో తెలిసిపోయింది. సాయిలు. మా టౌనువాడే, సారు క్లాసులో మూడేళ్లు చదివినవాడు, సంఘంలో చేరి దళానికి పెద్ద అయినవాడు. చిన్నప్పుడు మేకల మందలో పడి కనుబొమ చీరుకుపోయింది. కట్టు కడుతుంటే ఆ మనిషి నా ముఖంలోకి చూశాడు. నేను చూపు తిప్పుకున్నాను.

క్యాంపు సుబేదారు ఎక్కడివాడో, హిందీ మాట్లాడేవాడు, మన తెలుగు అర్థమయ్యేది. ముందు పోలీసు పటేలును అడిగాడు. పటేలు దూరం నుంచే, సాయిలు లెక్కనే కనవడుతుండు సాబ్ అన్నాడు. తరవాత నా వంతు. నా చేతులకు ఇంకా ఆ మనిషి నెత్తురే ఉంది. నేను అది తుడుచుకుంటూ, "సాయిలు లెక్కనే ఉన్నడు" అన్నాను.

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

సుబేదారుకు అది చాలు. కానీ కాగితం మీద సాయిలును బాగా ఎరిగినవాడి సంతకం కావాలని, వాడికి చదువు చెప్పిన డ్రాయింగు మాస్టరును పిలిపించాడు. సారు క్లాసు మధ్యలోంచి వచ్చాడు, వేళ్లకు సుద్ద. ఏం జరుగుతోందో గడపలోనే అర్థమైనట్టుంది. నేరుగా ఆ మనిషి ముందుకు వెళ్లి, తల వాల్చి, ఒక కన్ను మూసి చూశాడు. ఈ పక్క నుంచి ఆ పక్కకు వెళ్లి చూశాడు. వంగి మొహం దగ్గరగా చూశాడు. ఎంతసేపు చూశాడంటే, సుబేదారు విసుగుతో బూటు నేలకేసి కొట్టాడు. తరవాత సారు ముందుగా ఆ మనిషికి నీళ్లివ్వమన్నాడు. ఎవరూ కదలకపోతే తనే కుండలోంచి ముంచి తాగించాడు. అప్పుడు లేచి నిలబడి చెప్పాడు.

"గీ మనిషి నాకు తెల్వది."

సుబేదారు నమ్మలేదు. ఇద్దరు ఔనన్నారు, నువ్వొక్కడివే కాదంటావా అన్నాడు. సారు మా వైపు తిరిగాడు.

"పటేలా, నువ్వు మనిషిని చూసినవా, మచ్చను చూసినవా?"

పటేలు నేల చూపు చూశాడు. సరిగా చూడలేదు, ఎండ కొట్టింది అని గొణిగాడు. సారు నా వైపు చూశాడు. కోపం లేదు ఆ చూపులో. దీపం కింద రెండు పురుగులు పెట్టి భూతద్దం ఇచ్చిన రోజు చూసిన చూపే. నువ్వేం చూసినవ్ అన్నాడు.

"గాటు చూసిన సారూ. గంతే. ఇంకేం చూడలే."

నా మాట ఎంత మెల్లగా వచ్చిందో, సుబేదారు మళ్లీ చెప్పమన్నాడు. రెండోసారి గట్టిగా చెప్పాను. పక్కనున్న జవాను నన్ను తుపాకి మడమతో పొడిచాడు. కింద పడ్డాను. కానీ చెప్పేశాను. పడ్డ చోటు నుంచి అంతా కనిపించింది. సుబేదారు ఒక కాగితం సారు ముందు పెట్టాడు. అందులో రాసి ఉంది ఈ మనిషి సాయిలులా ఉన్నాడని, సంతకం ఒక్కటే తక్కువ. సారు గుండీకి వేలాడే పెన్సిలుతో ఆ వాక్యం కొట్టేసి, కింద తెలుగులో 'ఈ మనిషి నాకు తెలియదు' అని పెద్ద అక్షరాలతో రాసి, సంతకం చేసి ఇచ్చాడు. సుబేదారు చెంప మీద కొట్టాడు. సారు తూలి, నిలదొక్కుకుని, ఇంకో కాగితమున్నా ఇదే రాస్తానని ఉర్దూలో చెప్పాడు.

గుర్తుపట్టినవాడు లేక ఆ మనిషిని గుట్టకు కాక నల్లగొండ జైలుకు పంపారు. సారును మాత్రం పదకొండు రోజులు క్యాంపులో ఉంచుకున్నారు.

బయటికి వచ్చిన రోజు నేరుగా దవాఖానకే వచ్చాడు. చొక్కా వీపుకు అంటుకుపోయింది. తడిపి తడిపి ఊడదీశాను. కట్టు కడుతున్నంతసేపూ క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. ఆయన అడగనివ్వలేదు, చీమల సంగతి అడిగాడు. తిండి పెట్టినవా అన్నాడు. చచ్చిన ఈగను పెట్టాను, తేనె చుక్క పెట్టాను, ఇప్పుడు ముప్పై దాకా ఉన్నాయి, రెండింటికి తలలు పెద్దవి అని చెప్పాను. బోర్లా పడుకునే, చూపించమన్నాడు. చూసి, నిద్రలోకి జారాడు.

వారంలో నౌకరీ పోయింది. నమ్మదగిన మనిషి కాడని కాగితంలో రాశారట. ఆ మాట చదివి ఆయన నవ్వాడు. నాకు ఏమీ కాలేదు, కట్లు కట్టడానికి ఇంకొకడు లేడు మరి. నెల తిరక్కముందే ఆయన కొత్తకోటకు, అక్క ఇంటికి వెళ్లిపోయాడు. చీమలు నాకు వదిలేశాడు. తరవాతి వానకాలానికి గొట్టంలో జాగా చాలక, దవాఖాన వెనక గోడ మొదట్లో వాటిని వదిలి, ఆయనకు కార్డు రాశాను. మంచి పని చేసినవ్ అని ఒక్క ముక్క జవాబు వచ్చింది.

నేను మాత్రం ఆ వరండాను మరిచిపోలేదు. సాయిలును కాపాడడానికి, ఒక్క అబద్ధం ఆడని మనిషి అబద్ధమాడాడు అనుకున్నాను. నేను భయంతో నిజం చెప్పాను, ఆయన ధైర్యంతో అబద్ధం చెప్పాడు, ఇదీ నా లెక్క. అది తలుచుకుని చాలా రోజులు ఏడ్చాను, కొంచెం గర్వపడ్డాను కూడా.

ఏడాదిన్నర తరవాత ఒక పొద్దున్న, కుంటుతూ ఒక మనిషి దవాఖానకు వచ్చాడు, వెంట పెళ్లాం. గడ్డం లేదు. ఎడమ కనుబొమ మీద గాటు ఉంది. నేను లేచి నిలబడి, సాయిలూ అన్నాను. ఆయన తల అడ్డంగా తిప్పాడు. తాను దేవరకొండ అవతలి పల్లెలో గొర్లు కాసుకునేవాడట. తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ గుట్టల్లోకి పోతే కాల్చి పట్టుకొచ్చారట. ఆ రోజు పటేలు, తరవాత నేను ఔనన్నప్పుడు అయిపోయిందనుకున్నాడట. జైలు నుంచి వదిలాక, ఆ సారును చూసి పోదామని వచ్చాడు. వాళ్లావిడ కొంగులో చిన్న నెయ్యి చెంబు ఉంది.

సాయిలు ఆ వేసవిలోనే ఊరికి తిరిగి వచ్చాడు. రెండేళ్లు నల్లమలలోనే ఉన్నాడట. వాడిని చూశాక ఇద్దరికీ పోలిక గాటు ఒక్కటేనని నాకే కనపడింది.

నెయ్యి చెంబు పట్టుకుని నేను కొత్తకోట వెళ్లాను. సారు పెద్దరోడ్డు పక్కన సైకిలు దుకాణం ముందు స్టూలు మీద నిలబడి బోర్డు రాస్తున్నాడు. జుట్టు నెరిసింది. చెప్పాల్సిందంతా కింద నిలబడే చెప్పాను. ఆయన కుంచె ఆపకుండా విన్నాడు. నాకు తెలుసన్నాడు. సాయిలు చెవి తమ్మె చెంపకు అతుక్కుని ఉంటుందట, ఆ మనిషిది వేలాడుతోందట. మూడేళ్లు వాడిని పక్క నుంచి చూశాను, చెవి మారదు అన్నాడు.

అంటే ఆయన నిజమే చెప్పాడు. నేనిన్నాళ్లూ గొప్ప అబద్ధమని మొక్కింది ఉత్త నిజం. నాకు ఎక్కడో చిన్నగా నిరాశ కలిగింది, అది దాచుకోలేక అడిగాను.

"మరి నిజంగ సాయిలే అయ్యుంటే ఏం చెప్తుంటివి సారూ?"

ఆయన దీర్ఘం ఒకటి పూర్తి చేసి, స్టూలు మీది నుంచే నా వైపు తిరిగాడు.

"గప్పుడు అబద్ధం చెప్తుంటి" అన్నాడు. "ఇంకా గట్టిగ చెప్తుంటి."